మెత్తటి ఉడోన్

ఇసె
ఫిబ్రవరి 3

బావగారికి,

నిన్న సాయంత్రం ఇల్లు చేరాను. ఇక్కడ గాలి ఇంకా చలిగానే ఉంది. పక్కింటి గోడ మీదుగా ప్లమ్ కొమ్మ ఒకటి మా వైపు వంగి రెండు మొగ్గలు వేసింది. ఉత్తరం వాతావరణంతో మొదలుపెట్టాలి కాబట్టి రాశాను. మీరు ఈ వాక్యాలు దాటేసి చదువుతారని అక్క ఎప్పుడో చెప్పింది.

అక్క నలభైతొమ్మిదో రోజు కార్యం లోటు లేకుండా జరిగింది. అన్నీ మీరొక్కరే చూసుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ ఉడోన్ వడ్డించడం మీ వైపు ఆనవాయితీ అని అక్క చెబుతుంటే నవ్వేదాన్ని, చావింట్లో నూడుల్సేమిటని. మొన్న కళ్ళారా చూశాను. నల్లబట్టల్లో అంతమంది వరసగా కూర్చుని ఒక్క మాట లేకుండా జుర్రుకుంటుంటే, ఆ చప్పుడే మంత్రాలకన్నా నిండుగా అనిపించింది. మీ నూడుల్స్ గట్టితనం మాత్రం నాకు ఈ జన్మకు అలవాటు కాదు. దవడలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

ఒక సంగతి అడగాలి. ఫోన్‌లో అడిగితే మీరు "ఊ" అంటారు, మహా అయితే "అవును" అంటారు. అందుకే ఉత్తరం.

ఆ రోజు నూడుల్స్ చెక్కపెట్టెల్లో పెట్టుకుని తెచ్చిన తమియెగారు, అదే, మీరిద్దరూ ప్రతి ఆదివారం వెళ్ళే గట్టుకింద కొట్టు ఆవిడ, వంటింట్లో నా పక్కన నిలబడి ఉల్లికాడలు తరుగుతూ అంది: "మీ అక్కగారి గిన్నె నేను వేరే ఉడికించేదాన్నమ్మా. మీ ఊళ్ళోలాగా మెత్తగా. పోయినేడాదంతా అంతే."

నాకు అర్థం కాలేదు. నలభై ఏళ్ళ కింద పెళ్ళి చేసుకుని మీ ఊరు వచ్చిన అక్క, రెండేళ్ళు తిరక్కుండానే పుట్టింటికొచ్చి, అమ్మ వండిన ఉడోన్ చూసి "ఇవి తినడానికి పళ్ళెందుకే, చిగుళ్ళు చాలు" అంది. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. అలాంటి మనిషి మళ్ళీ మెత్తటివి అడిగిందా?

ఎప్పట్నుంచి అడిగింది? గొంతులో ఇబ్బంది వల్లేనా? మీకేమైనా చెప్పిందా?

జవాబు రాయండి. రెండు వాక్యాలకన్నా ఎక్కువ.

చిజురు

*

మరుగామె
ఫిబ్రవరి 15

చిజురుకు,

ఉత్తరం అందింది. కార్యానికి అంత దూరం నుంచి వచ్చినందుకు కృతజ్ఞతలు. కనాయె కిమోనోలు రెండు పెట్టెల్లో సర్ది పార్సెల్ చేశాను. బూడిదరంగు దాని అంచు కొంచెం చిరిగింది.

నీ ప్రశ్నకు. ఆవిడ పుట్టింది ఇసెలో. అరవై దాటాక చిన్నప్పటి రుచి అడగడంలో వింత లేదు. జబ్బు సంగతి సెప్టెంబరులో డాక్టరు చెప్పాడు. అంతకుముందు ఎవరికీ తెలియదు.

ఫోటో ముందు రోజూ పొద్దున అన్నం పెడుతున్నాను. ఆవిరి పోయాక తీసి నేనే తింటున్నాను.

మంగళవారం గట్టుకింద కొట్టుకు వెళ్ళాను. ఆదివారం వెళ్ళబుద్ధి కాలేదు. ఆ చోటు నీకు ఎప్పుడూ చూపించలేదు. చెరువుగట్టు కింద రేకుల షెడ్డు. సగం పిండిమిల్లు, మిగతా సగంలో మూడు బల్లలు. తమియె ఉడికించి కడిగి చుట్ట చుట్టిన నూడుల్స్ గిన్నెలో వేసి ఇస్తుంది. మనమే వాటిని తీగబుట్టలో వేసి మరిగే నీళ్ళలో ముంచుకోవాలి. మనమే కుళాయి తిప్పి చారు పట్టుకోవాలి. ఉల్లికాడలు అయిపోతే వెనక మడిలోకి వెళ్ళి కోసుకోవాలి. బోర్డు లేదు. తెలిసినవాళ్ళు వస్తారు. పెద్ద గిన్నె రెండువందల యెన్‌లు, సిగరెట్ పెట్టెకన్నా తక్కువ. ఇంతకన్నా మంచి ఉడోన్ నేను ఎక్కడా తినలేదు. టోక్యోలో చదువుకున్న నాలుగేళ్ళూ సెలవుల కోసం ఎదురుచూసింది దీనికోసమే.

మంగళవారం కూడా బాగానే ఉన్నాయి. ఎప్పటిలాగే బాగుండటం నాకు నచ్చలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

షుంజీ

*

ఇసె
మార్చి 9

బావగారికి,

కిమోనోలు అందాయి. బూడిదరంగు దాని అంచు నేనే కుట్టుకున్నాను. మెడ దగ్గర ఇంకా అక్క పౌడరు వాసన ఉంది. అందుకని ఉతకలేదు.

"అంతకుముందు ఎవరికీ తెలియదు." ఇది ఉత్తరమా, ఆఫీసు నివేదికా? చెరువుల శాఖలో ముప్ఫై ఎనిమిదేళ్ళూ మీరు ఇలాగే రాసి ఉంటారు. నేను అడిగింది డాక్టరు ఎప్పుడు చెప్పాడని కాదు. అక్క మెత్తటివి ఎప్పట్నుంచి అడిగిందని.

పుట్టింటి రుచి మీద మనసు పోయిందంటారా? పెళ్ళిచూపులయ్యాక మీరు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు గుర్తుందా? అమ్మ గంటసేపు ఉడికించి, నల్లటి సాస్ పోసి, మీ ముందు పెట్టింది. మీరు పుల్లలతో ఒకదాన్ని ఎత్తారు. మధ్యకు తెగింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ తెగింది. నాన్న మీ వంకే చూస్తున్నాడు. "ఎలా ఉంది అల్లుడుగారూ?" అన్నాడు. మీరు వీపు నిటారుగా పెట్టుకుని, "మా వైపు దీన్ని జ్వరం వచ్చినవాళ్ళకు పెడతారండీ" అన్నారు. నేను తలుపు చాటున నోట్లో కిమోనో చేతి అంచు కుక్కుకుని నవ్వాను. అమ్మ ముఖం చూడాలి! మీరు వెళ్ళాక నాన్న సంబంధం వద్దన్నాడు. అక్క ఒక్కతే, "ఈయనకు అబద్ధం చెప్పడం రాదు నాన్నా. ఈయన్నే చేసుకుంటాను" అంది.

అందుకే అడుగుతున్నాను. అబద్ధం చెప్పడం రాని మనిషి జవాబు దాటేస్తే నాకు భయం వేస్తుంది.

ఇది నాకెందుకంత ముఖ్యమో ఇప్పుడు చెప్పను. ముఖ్యమని మాత్రం నమ్మండి.

చిజురు

*

మరుగామె
ఏప్రిల్ 2

చిజురుకు,

జ్వరం మాట అన్నాను. గుర్తుంది.

పోయినేడాది సంగతి నీకు తెలుసు. జూన్‌లో రావలసిన వానలు రాలేదు. చెరువులు అడుగంటాయి. ఇళ్ళకు రోజుకు ఐదు గంటలే నీళ్ళు వదిలాం. పదవీ విరమణకు ముందు అది నా చివరి ఏడాది. ఆఫీసులోనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి. ఒకరి వంతు నీళ్ళు ఇంకొకరు తిప్పుకోకుండా రైతులు తూముల దగ్గర కాపలా కూర్చునేవారు. పోట్లాట రాకుండా వాళ్ళ మధ్య నేను కూర్చునేవాణ్ణి. ఇంట్లో ఆవిడ ఏం తింటున్నదీ, ఎంత తింటున్నదీ చూడలేదు. వేసవిలో మొదలై ఉండవచ్చు. ఖచ్చితంగా చెప్పలేను.

నిన్న కొట్టులో తమియె నా మీద కేకలు వేసింది. "ఏంటండీ ఇంజనీరుగారూ, చారు అంత తక్కువ పట్టుకున్నారు? కరువు పోయిందిగా! ఈ కుళాయి మీ ఆఫీసుది కాదు, నాది. నిండా తిప్పండి." నా వెనక వరసలో ఉన్న లారీ డ్రైవరు, "ఆయన చేతికి అలవాటైపోయిందిలే అక్కా, కట్టెయ్యడం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఎవరి గిన్నె వాళ్ళది. అక్కడికి అందరూ తినడానికే వస్తారు. నాలుగు నిమిషాల్లో తిని, గిన్నె తొట్టి దగ్గర పెట్టి వెళ్ళిపోతారు. తమియె తెల్లారకముందే తలుపు తీసి గాలి ఎలా ఉందో చూసి ఉప్పునీళ్ళు కలుపుతుంది. ఎండాకాలం ఉప్పు ఎక్కువ, చలికాలం తక్కువ. పిండిని గుడ్డలో చుట్టి కాళ్ళతో తొక్కుతుంది. చాలా, ఇంకా తొక్కాలా అన్నది మడిమకు తెలుస్తుందట. అంత కష్టపడి తెచ్చిన ఆ బిగిని మేం నమలం. మింగుతాం. ఉడోన్ రుచి గొంతులో ఉంటుందని మా వైపు పిల్లలకు కూడా తెలుసు.

ఈ వాక్యం రాశాక కాసేపు కలం పక్కన పెట్టాను.

షుంజీ

*

ఇసె
మే 11

బావగారికి,

వాతావరణం గురించి ఈసారి నేనూ రాయను.

ఎందుకు అడుగుతున్నానో చెప్పేస్తాను. పోయినేడాది జూలై నాలుగున అక్క నాకు ఫోన్ చేసింది. ఇంట్లోంచి కాదు. పోస్టాఫీసు బయట ఉన్న డబ్బాలోంచి. నాణేలు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"చిజురూ, అన్నం అడ్డుపడుతోందే. నీళ్ళతో తోసుకుంటున్నా" అంది.

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్ళ నుంచి."

"బావగారికి చెప్పావా?"

"చెప్తాలే."

"ఏంటి చెప్తాలే? ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళు. లేకపోతే నేనే ఆయనకు ఫోన్ చేస్తా."

"చెయ్యకే. ముందు వాన పడనీ. మూడు రోజులకోసారి వచ్చి బట్టలు మార్చుకుని పోతున్నాడు. ఊరందరి నీళ్ళూ ఆయన నెత్తిమీదున్నాయి. ఇప్పుడు నా గొంతు కూడా తీసుకెళ్ళి అక్కడ పెట్టనా? వాన పడిన రోజున చెప్తా. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకూడదు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను.

వాన సెప్టెంబరు పదహారున పడింది. డెబ్బై నాలుగు రోజులు. రోజూ టీవీలో వాతావరణ వార్తలు చూసేదాన్ని. మ్యాపులో మీ వైపు ఎప్పుడూ సూర్యుడి బొమ్మే. అది చూసినప్పుడల్లా ఒట్టు ఇంకో రోజు పెరిగేది. ఒక్క ఫోన్ చేసి ఉంటే మీరు ఆ చెరువుల్ని ఎవరికో అప్పగించి ఆవిణ్ణి తీసుకెళ్ళేవారు. నాకు తెలుసు. చేయలేదు.

ఇప్పుడు అర్థమైందా? జూలైకి ముందే అక్క మీకు చెప్పి ఉంటే, లేదా మీ అంతట మీకే తెలిసి ఉంటే, ఆవిణ్ణి పోగొట్టింది నా మౌనం ఒక్కటే కాదు. మీకు తెలియదంటే, తెలిసి ఊరుకున్నది లోకంలో నేనొక్కదాన్నే. తమియెగారు పోయినేడాదంతా అంది. మీరు వేసవి అంటున్నారు. నాకు నెల కావాలి.

జాలిపడి అబద్ధం చెప్పకండి. మీకు చేతకాదు. పైగా నేను కనిపెడతాను.

చిజురు

*

మరుగామె
జూన్ 1

చిజురుకు,

ఉత్తరం అందింది. కోపం లేదు. జవాబు రాయడానికి కొంత సమయం కావాలి. ఒకచోటికి వెళ్ళి ఒక సంగతి కనుక్కోవాలి.

షుంజీ

*

ఇసె
జూలై 15

బావగారికి,

రెండు నెలలు. కోపం లేనివాళ్ళు ఇన్నాళ్ళు ఊరుకోరు. కోప్పడే హక్కు మీకుంది. నేను తప్పు పట్టను.

వచ్చే నెల ఓబోన్. అక్క పోయాక మొదటిది. పోయినవాళ్ళు ఇంటికి తిరిగొచ్చే ఆ మూడు రోజులూ తోబుట్టువు దీపం దగ్గర ఉండాలి. తెలుసు. మా ఆయన టిక్కెట్లు కూడా తెచ్చాడు. నేను రాలేను. ఆవిడ ఫోటో ముందు కూర్చునే ముఖం నాకు లేదు. చుట్టాలు ఏమనుకున్నా అనుకోనివ్వండి. నా వంతు దీపం మీరే వెలిగించండి.

ఇకమీదట ఉత్తరాలు రాసి ఇబ్బంది పెట్టను.

చిజురు

*

మరుగామె
జూలై 22

చిజురుకు,

ఆలస్యం చేశాను. రాసి చించేసినవి ఆరు. ఇది ఏడోది. దీన్ని పంపుతాను.

నెల మార్చి. మొదటి ఆదివారం.

ఆ రోజు కొట్టులో జనం ఎక్కువగా ఉన్నారు. ఇద్దరం బల్ల చివర కూర్చున్నాం. నాది తినడం అయిపోయింది. చూస్తే కనాయె గిన్నె నిండుగానే ఉంది. ఒక్కొక్క నూడుల్ ఎత్తి, ముందుపళ్ళతో చిన్న ముక్క కొరికి, నమిలి, కళ్ళు మూసుకుని మింగుతోంది. కాసేపు ఆగి మళ్ళీ ఇంకో ముక్క. నలభై ఏళ్ళు మాతో సమానంగా మింగిన మనిషి.

నేను గట్టిగానే అన్నాను. "ఏంటి, ఇసె నుంచి నిన్నే దిగావా? పిచ్చుకలా పొడుచుకుని తింటున్నావు. తమియెగారూ, మా ఆవిడకు జ్వరం గిన్నె పెట్టాలేమో చూడండి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నలభై ఏళ్ళయినా పుట్టింటి నోరు పోలేదా వదినా?" అన్నాడు ఒకతను. కనాయె కూడా నవ్వింది. నవ్వి తమియె వైపు తిరిగి, "అవునమ్మా, పోలేదు. వచ్చేవారం నుంచి నాది ఇంకా చాలాసేపు ఉడికించు. ఇసె గెలిచిందనుకో" అంది.

తర్వాత ప్రతి ఆదివారం అలాగే జరిగింది. తన గిన్నె ఆలస్యంగా వచ్చేది. నాది అయిపోగానే, "మీరు వెళ్ళి కారులో కూర్చోండి, వెనక జనం నిలబడ్డారు, చోటివ్వండి" అనేది. సబబుగానే అనిపించింది. అక్కడ తిన్నవాడు కూర్చోడు. వెళ్ళి కారులో కూర్చుని పేపరు చదివేవాణ్ణి. పావుగంటకో ఇరవై నిమిషాలకో వచ్చేది. జూన్ మధ్య వరకు పదిహేను ఆదివారాలు. ఆ తర్వాత కరువు, ఆదివారాలు లేవు.

ఆ మూడు నెలల్లో ఆవిడ బట్టలు వదులయ్యాయి. చేతి గడియారం ముంజేతి మీదికి జారేది. చూశాను. వయసు అనుకున్నాను.

నా ఉద్యోగం నీకు తెలుసు. గట్టు మీద అరచేతంత తడి మచ్చ కనిపిస్తే ఆ రోజే మనుషుల్ని దించి తవ్వించేవాణ్ణి. అది దేనివల్లో తెలిసేదాకా ఇంటికి వెళ్ళేవాణ్ణి కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళు మూసుకుని మింగుతుంటే హాస్యమాడాను.

తెలుసా అని అడిగావు. చూశాను. చూసినదాన్ని తెలుసుకోలేదు. ఈ రెండింటికీ తేడా ఉందని ఇన్ని నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే నీకు "ఎవరికీ తెలియదు" అని రాశాను. తర్వాత "వేసవి" అని రాశాను. రెండూ అబద్ధాలే. నాకు చేతకాదని మీ అక్క అనుకుంది.

నీ మే నెల ఉత్తరం చదివాక ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లు దొరకలేదు. మూడోసారి దొరికాడు. జూలై మొదటివారంలో తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. పాత ఎక్స్‌రేలు తెప్పించి చాలాసేపు చూశాడు. "అప్పటికే క్యాన్సర్ పాకి ఉంటుందండీ. కోత పెట్టే దశ దాటిపోయి ఉంటుంది. మహా అయితే ఒకటి రెండు నెలలు ఎక్కువ ఉండేవారేమో" అన్నాడు.

మార్చిలో అయితే? అని అడిగాను.

పెన్ను మూత తీశాడు. పెట్టాడు. "మార్చిలో అయితే కోత పెట్టేవాళ్ళం" అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఇది తెలిసి మూడు వారాలైంది. నీకు వెంటనే రాయాల్సింది. రాస్తే మొదటి సగం ఒక్కటే రాయడం కుదరదు. రెండో సగం కూడా రాయాలి. అందుకు ఇన్ని రోజులు పట్టింది. అన్ని రోజులూ నువ్వు అక్కడ నాది మోస్తున్నావని తెలుసు.

నీ డెబ్బై నాలుగు రోజులు కాదు. నా పదిహేను ఆదివారాలు.

ఓబోన్‌కు రా. ఆవిడ ఫోటో ముందు కూర్చోకూడనివాళ్ళు ఎవరైనా ఉంటే అది నేను. ఉండేది ఈ ఇంట్లోనే కాబట్టి రోజూ కూర్చుంటున్నాను.

షుంజీ

*

ఇసె
జూలై 31

బావగారికి,

మీ ఉత్తరం పెరట్లో బట్టలు ఆరేస్తూ చదివాను. చదివి అక్కడే కింద కూర్చుండిపోయాను. మొదట హాయిగా ఊపిరి తీసుకున్నాను. సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే. ఏడాది తర్వాత ఊపిరి కిందిదాకా వెళ్ళింది.

తర్వాత అనుమానం వచ్చింది. నన్ను రప్పించడానికి అల్లి రాశారేమోనని కొట్టుకు ఫోన్ చేశాను. పిండిమిల్లు మోతలో తమియెగారు అరిచి అరిచి మాట్లాడింది. మార్చి మొదటివారమే. జ్వరం గిన్నె మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. "అందరం నవ్వామమ్మా. నేనూ నవ్వాను" అంది.

అప్పుడు కోపమొచ్చింది. నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అంతమందిలో అక్కని అంత మాటంటారా? మా అమ్మ వంటని అన్నారు, నవ్వుకుని ఊరుకున్నాం. అదే మాట తీసుకెళ్ళి ఆవిడ మీద వేశారు. ఆవిడ దాని వెనకే దాక్కుంది.

మీరు క్షమించమని రాయలేదు. రాయనందుకు మంచిదైంది. అది ఇప్పుడు నా దగ్గర లేదు. ఇంకెప్పుడైనా ఉంటుందో లేదో చెప్పలేను.

నా సంగతి కూడా ఒకటి వినండి. మీరు రెండో సగం రాశారు కాబట్టి నేనూ రాయాలి. ఒట్టు నిలబెట్టుకున్నది అక్క మీద ప్రేమతోనని మీరు అనుకుని ఉంటారు. మొదట్లో అంతే. ఆగస్టు వచ్చేసరికి, టీవీలో మేఘం బొమ్మ కనిపిస్తే నాకు భయం వేసేది. ఇన్నాళ్ళు ఎందుకు దాచావని మీరు అడుగుతారని. ఇవాళ కూడా పడకపోతే బాగుండని రెండుసార్లు అనుకున్నాను. ఊరంతా నీళ్ళకు అల్లాడుతుంటే, అక్క మింగలేక కూర్చుంటే, నేను అలా అనుకున్నాను. డాక్టరు ఏమన్నా, ఇది నాది. మా ఆయనకు కూడా చెప్పలేదు.

టిక్కెట్లు వాపసు ఇవ్వలేదు. పదమూడున వస్తాను. మిమ్మల్ని చూడటానికి కాదు, అక్క దగ్గరికి.

ఈలోపు ఒక పని చేయండి. మీరు కారులో కూర్చున్న ఆ పావుగంట అక్క లోపల ఏం చేసేదో మనిద్దరికీ తెలియదు. తమియెగారిని అడిగాను. "ఫోన్‌లో చెప్పే మాట కాదమ్మా. ఆయన అడిగితే ఆయనకే చెబుతా. ఇన్ని నెలలుగా వస్తున్నాడు, నాలుగు నిమిషాల్లో తిని పోతున్నాడు. ఒక్కనాడు అడగలేదు" అంది.

అడగండి.

చిజురు

*

మరుగామె
ఆగస్టు 8

చిజురుకు,

అడిగాను.

మధ్యాహ్నం నూడుల్స్ అయిపోయి తలుపు మూసే వేళకు వెళ్ళాను. తమియె బల్లలు తుడుస్తోంది. "ఇప్పుడా రావడం? అన్నీ అయిపోయాయండీ" అంది. తినడానికి రాలేదన్నాను. గుడ్డ పక్కన పెట్టి నా వంక చూసింది.

"మరదలుగారు పంపారా?"

అవునన్నాను.

"అదీ సంగతి. లేకపోతే రారు మీరు" అంది. కూర్చోమంది. చెప్పింది. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"అక్క సగమే తినేదండీ. పోనుపోను సగంలో సగం. అయినా ఆదివారం మానలేదు. 'పళ్ళు పోయాయా అక్కా?' అనడిగాను. 'పళ్ళే' అంది. మా అత్తకూ అలాగే అయింది, అందుకని నమ్మేశాను. చారు మాత్రం అడుగుదాకా తాగేది. గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని, ఆవిరి ముఖానికి కొట్టించుకుని, 'రెండొందల యెన్‌లకి ఇంత సుఖం ఇంకెక్కడ దొరుకుతుంది తమియే?' అనేది. నా మెప్పు కోసం అన్నది కాదు. ముఖం చూస్తే తెలుస్తుందిగా. మీరేదో ఆవిడ ఇక్కడ కూర్చుని కళ్ళు తుడుచుకుందని అనుకుంటున్నారేమో. లేదు. నవ్వేది. ఎక్కువ మీమీదే."

నామీదా అన్నాను.

"ఇంకెవరిమీద? ఈ కిటికీలోంచి చూపించేది. 'అదిగో, పేపరు తిప్పకుండా ఒకటే పేజీ పట్టుకున్నాడు చూడు, వాన కబురు కోసం.' 'అదిగో, గడియారం చూశాడు. ఇప్పుడు ముక్కు గోక్కుంటాడు.' మీరు సరిగ్గా గోక్కునేవారు! పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆఖరుసారి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. చాలాసేపు చూసింది. 'ఇవాళ వెళ్ళి చెప్పెయ్యనా?' అంది. ఏం చెప్తావక్కా అన్నాను. 'ఏం లేదులే, పళ్ళ సంగతి' అంది. గిన్నె తొట్టి దగ్గర పెట్టి వెళ్ళింది."

వచ్చింది. నాకు గుర్తుంది. కారు తలుపు తెరిచి, ఎక్కకుండా, దానిమీద చెయ్యి వేసి నిలబడింది. నేను ఇంజను వేశాను. "ఎక్కు. వెనక బండి ఆగింది" అన్నాను. ఎక్కింది. దారిలో చెరువు నీటిమట్టం గురించి నేనే మాట్లాడాను.

ఇది తమియెకు చెప్పాను. "ఉడికించింది నేను. చూసింది మీరు. విన్నది మరదలుగారు. ముగ్గురం ఒక్కపూట ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఉంటే..." అంది. మళ్ళీ గుడ్డ తీసుకుంది.

ఆగస్టు వాన గురించి నువ్వు రాసింది చదివాను. ఎవరికీ చూపించను. నేను దానికి జవాబు చెప్పదగినవాణ్ణి కాదు. పదమూడున స్టేషన్‌కు వస్తాను. నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడనక్కర్లేదు. పెట్టె మోస్తాను.

కొట్టులోంచి వచ్చేసే ముందు, నేను బయటికి వెళ్ళాక కనాయె కూర్చునే చోటు ఏదని అడిగాను. తమియె చూపించింది. కూర్చున్నాను. అక్కడినుంచి కారు కనిపిస్తుంది. డ్రైవరు సీటు, అందులో కూర్చున్న మనిషి ముఖం కూడా. తర్వాత బయటికి వెళ్ళి కారులో కూర్చుని చూశాను. తమియె పొయ్యి ఇంకా ఆర్పలేదు. కిటికీ అద్దం నిండా ఎండ మెరుపు, దాని వెనక ఆవిరి. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు.

పదిహేను ఆదివారాలూ నేను ఆవిడకు కనిపిస్తూనే ఉన్నాను.

షుంజీ